తొడుక్కునేది అరగంట... మోసేది పది గంటలు!

చలికాలంలో సైకిల్ మీద కోచింగ్‌కూ ఇంటర్వ్యూకూ వెళ్లేవారికి ఎలాంటి జాకెట్ కావాలి? కొనేముందు ఓసారి ఇది చదవండి.

జనవరి నెల, ఉదయం 6.15. లక్డీకాపూల్‌లో సూర్యుడు కనబడటానికి ఇంకా అరగంట పడుతుంది. హాస్టల్ వాచ్‌మన్ మంకీ క్యాప్‌లోంచి కళ్లు మాత్రం బయటపెట్టి గేటు తీస్తాడు. అమీర్‌పేటలో ఏడింటికి మీ బ్యాచ్. సైకిల్ సీటు మీద మంచు తడి తుడిచి ఎక్కారు. ఖైరతాబాద్ చౌరస్తాకు వచ్చేసరికి చెవులు జివ్వుమంటున్నాయి. వేళ్లు బ్రేకు మీద బిగుసుకుపోయాయి. పంజాగుట్ట దాటగానే కథ అడ్డం తిరిగింది. జర్కిన్ లోపల ఒకటే చెమట! క్లాసులో ఫ్యాను కింద కూర్చోగానే ఆ చెమటే చల్లబడి వణుకు పుట్టిస్తుంది. మధ్యాహ్నం బయటికొస్తే ఎండ చుర్రుమంటోంది. పొద్దున ప్రాణం కాపాడిన జర్కిన్ ఇప్పుడు చేతిలో గుదిబండ.

ఇది మీ కథే అనిపిస్తోందా? అయితే తప్పు చలిది కాదు, సైకిల్‌ది అంతకన్నా కాదు. జాకెట్ ఎంపికలోనే ఉంది. మెట్రో, ఆటో ఖర్చులు మిగిలితే ఓ మాక్ టెస్ట్ ఫీజు వస్తుందని సైకిల్ ఎక్కినవారికి ఇది చిన్న విషయం కాదు. పొద్దున చలికి భయపడి రెండ్రోజులు క్లాసు ఎగ్గొడితే మూడో రోజు పాఠం అర్థం కాదు. చెమటతో తడిసి ఇంటర్వ్యూకు వెళితే నోరు తెరవకముందే మీ ధైర్యం సగం జారిపోతుంది.

మన చలి లెక్క వేరు

హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అందుకే ఇక్కడి చలికాలపు రాత్రులు తీర ప్రాంతాల కన్నా చల్లగా ఉంటాయి. బేగంపేటలో 1946 జనవరి 8న ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు పడిపోయింది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతగా ఇప్పటికీ దాన్నే చెప్పుకొంటారు. అయితే అలాంటి రోజులు అరుదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నగరం నడిబొడ్డున సాధారణంగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి శివార్లలో అంతకన్నా కొన్ని డిగ్రీలు తక్కువ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ నుంచి వచ్చిన మీ రూమ్మేట్‌ను అడిగితే ‘ఇదీ ఒక చలేనా!’ అని నవ్వుతాడు.

మన చలిలో అసలు మెలిక మధ్యాహ్నం ఉంది. పొద్దున 14 డిగ్రీలుండే ఊరు మధ్యాహ్నానికి 28 దాటుతుంది. లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేటకు ఐదారు కిలోమీటర్లు. నిదానంగా తొక్కినా అరగంట. అంటే మీ జాకెట్ ఒంటి మీద ఉండేది అరగంట. ఆ తర్వాత క్లాసు, ల్యాబు, లైబ్రరీ, టిఫిన్ సెంటర్ అంటూ సాయంత్రం దాకా అది బ్యాగులోనే. తొడుక్కునేది అరగంట, మోసేది పది గంటలు! ఈ ఒక్క లెక్క గుర్తుంటే షాపులో సగం జాకెట్ల వైపు మీ చెయ్యి కూడా వెళ్లదు.

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్తున్న సీనియర్ కొన్న బొద్దు జాకెట్ చూసి మనసు పారేసుకోకండి. ఆయన వెళ్లేది సున్నాకు దిగువన ఉండే ఊరికి. అందులో కూరిన దూదిలాంటి పొర అక్కడ బస్టాపులో నిలబడేవాడికి కావాలి. ఖైరతాబాద్‌లో పెడల్ తొక్కే మీకు అది రెండో కిలోమీటరుకే ఆవిరి పట్టిస్తుంది.

ఒళ్లే ఒక పొయ్యి

ఊరికే కూర్చున్నప్పుడు మన శరీరం సుమారుగా పాతకాలపు వంద వాట్ల బల్బంత వేడిని ఇస్తుంది. సైకిల్ ఎక్కితే అది మూడు నాలుగు రెట్లవుతుంది. ఎందుకంటే తొక్కేటప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు చేరేది నాలుగో వంతు కూడా కష్టమే. మిగిలిందంతా వేడే. అంటే పొయ్యి మీ దగ్గరే ఉంది. ఆ వేడిని గాలి ఎత్తుకుపోకుండా చూడటమే జాకెట్ పని.

గాలి ఎక్కడిదంటారా? గాలి ఆడని రోజున కూడా మీరు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు ఐదు మీటర్ల గాలి ఎదురొచ్చి ఛాతీకి తగులుతుంది. ఒంటిని అంటుకుని ఉండే వెచ్చటి గాలి పొరను అది ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. స్వెట్టర్ ఎంత మందంగా ఉన్నా అల్లికలోని సందుల్లోంచి ఈ గాలి దూరుతుంది. అమ్మ అల్లిన ఉన్ని స్వెట్టర్ ఇంట్లో వెచ్చగా ఉండి, సైకిల్ మీద చల్లగా అనిపించేది ఇందుకే. దాన్ని పక్కన పడేయకండి. పైన పల్చటి విండ్ చీటర్ ఒకటి వేస్తే అదే స్వెట్టర్ మళ్లీ వెచ్చబడుతుంది.

రెండో శత్రువు చెమట. నీరు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. కాటన్ బట్ట చెమటను పీల్చుకుని పట్టుకుని కూర్చుంటుంది, తొందరగా ఆరదు. మండు వేసవిలో అది వరం. చలిలో సైకిల్ దిగాక అదే శాపం. మనలో చాలామంది చలికాలం రాగానే కొనే మందపాటి కాటన్ హుడీకి ఉన్న చిక్కే ఇది.

దారి కూడా ఒక కారణం. పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. లక్డీకాపూల్ పక్కనే రెడ్‌హిల్స్. మధ్యలో ఎర్రమంజిల్. ఈ ఎత్తుపల్లాల్లో ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, దిగేటప్పుడు అదే చెమటకు గాలి తగిలి ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి మీకు కావాల్సింది ముందునుంచి గాలిని ఆపేది, వెనకనుంచీ చంకల్లోంచీ ఆవిరిని వదిలేసేది, మడిస్తే బ్యాగులో ఓ మూల సర్దుకునేది.

ఒక మందపాటిది కాదు... రెండు పల్చటివి

మంచు కొండలెక్కేవారు పాటించే సూత్రమే ఇది. ఒకే మందపాటి బట్టకు బదులు పల్చటి పొరలు వేసుకుంటారు. పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం. ఎక్కువైతే ఒకటి తీసేయొచ్చు, తక్కువైతే ఒకటి వేసుకోవచ్చు. మన ఊరికి రెండు పొరలు చాలు.

లోపలి పొర: ఒంటికి అంటి ఉండే పాలిస్టర్ టీషర్టు. కాలేజీ స్పోర్ట్స్ మీట్‌లో ఇచ్చిన జెర్సీ ట్రంకు పెట్టెలో పడి ఉంటుంది కదా, అదే. చెమటను పీల్చి దాచుకోకుండా బయటి వైపు పంపేస్తుంది, తొందరగా ఆరిపోతుంది. ఫుల్ హ్యాండ్స్ ఉంటే మరీ మంచిది.

బయటి పొర: గాలిని ఆపే పల్చటి నైలాన్ లేదా పాలిస్టర్ విండ్ చీటర్. లోపల మందపాటి లైనింగ్ అక్కర్లేదు.

చలి బాగా ముదిరిన రోజుల కోసం ఈ రెండింటి మధ్యలో పల్చటి ఫ్లీస్ వేసుకోవచ్చు. ఫ్లీస్ అంటే నూగు నూగుగా, మెత్తగా ఉండే పాలిస్టర్ బట్ట. ఉన్ని వెచ్చదనాన్ని తక్కువ బరువులో ఇవ్వాలని 1970ల చివర్లో అమెరికాలోని ఓ బట్టల మిల్లులో రూపుదిద్దుకుంది. దాని మందాన్ని జీఎస్‌ఎమ్‌లో చెబుతారు. అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. లేబుల్ మీద 100 అని ఉంటే పల్చనిది, 200 అంటే మధ్యస్థం, 300 అంటే బాగా మందం. మనకు 100 చాలు. చలికి తొందరగా వణికేవాళ్లయితే 200. అంతకు మించి వద్దు. ఒక్క మాట, ఫ్లీస్ ఒక్కటే వేసుకుంటే గాలి దూసుకొస్తుంది. పైన విండ్ చీటర్ ఉండాల్సిందే.

షాపులో ఐదు పరీక్షలు

అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద కొన్నా, కోఠిలో బేరమాడి కొన్నా, చలికాలంలో స్వెట్టర్లు తెచ్చి అమ్మే టిబెటన్ల దగ్గర కొన్నా, మాల్‌లో కొన్నా ఈ ఐదూ చేసి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా డబ్బులు మీవి.

ఊదే పరీక్ష: బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. రెండో వైపు అరచేయి పెట్టండి. గాలి చేతికి బాగా తగిలితే రోడ్డు మీది గాలి కూడా అలాగే తగులుతుంది. అసలే తగలకపోతే లోపలి ఆవిరి బయటికి పోయే దారి ఉందా చూడండి. చంకల కింద జిప్పో, వీపు మీద జాలీ బట్టో ఉంటే తీసుకోవచ్చు.

వంగే పరీక్ష: అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏ జాకెట్టైనా బాగుంటుంది. మీరు దాన్ని వేసుకునేది సైకిల్ మీద. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చేతులు చాపండి. నడుము దగ్గర వీపు బయటపడిందా? చేతులు మణికట్టు దాటి పైకి పోయాయా? అయితే అది సైకిల్‌కు పనికిరాదు. ముందు కన్నా వెనక కాస్త పొడవుండాలి. చేతుల అంచుకు ఎలాస్టిక్ ఉండాలి.

పిడికిలి పరీక్ష: మడిచి చుడితే లీటరు నీళ్ల సీసా అంతో, ఇంకా చిన్నగానో అవ్వాలి. బ్యాగులో ల్యాప్‌టాప్, నోట్సు, టిఫిన్ డబ్బా పెట్టాక దీనికి మిగిలే చోటు అంతే.

తూకం పరీక్ష: చేతిలో పట్టుకుంటే అర లీటరు పాలప్యాకెట్ కన్నా తేలిగ్గా ఉండాలి. రెండు వందలు, మూడు వందల గ్రాముల్లో ఉంటే మరీ మంచిది.

జిప్ పరీక్ష: ఒంటి చేత్తో పైకీ కిందికీ లాగండి. ఎక్కడంలో కొంచెం దించుకోవడానికి, దిగుడులో మెడ దాకా లాక్కోవడానికి జిప్ కావాలి. అది ఇరుక్కుంటే ఎంత మంచి బట్టయినా వృథా. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే.

సైజు విషయంలోనూ ఓ జాగ్రత్త. ‘వచ్చే ఏడాదికీ పనికొస్తుంది’ అని వదులుది కొంటే గాలికి గాలిపటంలా ఎగురుతుంది. వేగం రెండింతలైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. పటపటలాడే జాకెట్ ఆ భారాన్ని ఇంకా పెంచుతుంది. లోపల ఒక ఫ్లీస్ పట్టేంత వదులు చాలు.

లేబుల్ చదవడం రావాలి

‘వాటర్‌ప్రూఫ్ ఉంది బాస్, తీస్కో’ అంటాడు షాపువాడు. మన డిసెంబరు, జనవరుల్లో వానలు తక్కువ. నీటిచుక్క లోపలికి రానివ్వని చౌకరకం బట్ట లోపలి ఆవిరినీ బయటికి పోనివ్వదు. గంట తర్వాత తీసి చూస్తే వానలో తడవకుండానే చొక్కా తడిసిపోయి ఉంటుంది. మంచు తడికి, చిన్నపాటి తుంపరకు ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే చాలు.

‘డౌన్’ అని ఉంటే లోపల బాతు లేదా హంసజాతి పక్షుల సన్నటి ఈకలు ఉంటాయి. బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ, ధరా ఎక్కువే. కానీ తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. చెమట పట్టే పనికి అది నప్పదు. పైగా హాస్టల్ బకెట్‌లో ఉతికే సరుకు కాదది.

ఫ్లీస్‌కూ విండ్ చీటర్‌కూ పెద్ద సేవలేం అక్కర్లేదు. తిరగేసి, మామూలు సర్ఫ్‌తో చల్లటి నీళ్లలో ఉతికితే చాలు. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. అది పోగుల మీద పొరలా పేరుకుని చెమటను బయటికి పంపే గుణాన్ని తగ్గిస్తుంది. ఇస్త్రీ పెట్టె అసలే వద్దు. రాత్రి పిండి ఆరేస్తే పొద్దుటికి దాదాపు సిద్ధం.

జేబులో ఎంతుంటే అంత

డబ్బులు బొత్తిగా లేవా? మంచం కింద చూడండి. జూన్‌లో కొన్న రెయిన్‌కోటు పైభాగం ఉందిగా. జెర్సీ మీద అది వేసుకుని, జిప్ సగం తీసి ఉంచండి. అందంగా ఉండకపోవచ్చు, గాలి మాత్రం ఆగుతుంది.

అదీ లేదా? మీ చేతిలో ఉన్న ఈ పేపరే జాకెట్! నవ్వకండి. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గురించి వినే ఉంటారు. ఆల్ప్స్ కొండలు చెమటలు కక్కుతూ ఎక్కిన రైడర్లు, శిఖరం మీద జనం అందించే దినపత్రికను జెర్సీలో ఛాతీ మీద దోపుకుని కిందికి దూసుకుపోయేవారు. కాగితం గాలిని ఆపుతుంది, కొంత చెమటనూ పీల్చుకుంటుంది. కిందికి రాగానే తీసి పారేయొచ్చు. మీరు పారేయకండి, కరెంట్ అఫైర్స్ చదువుకోవాలి కదా!

కొద్దిగా డబ్బుంటే ముందు విండ్ చీటర్ కొనండి. ఆ తర్వాత పల్చటి చేతి గ్లౌజులు, చెవులు మూసే పట్టీ లేదా హెల్మెట్ కింద పట్టే పల్చటి టోపీ. ఇంకా మిగిలితేనే ఫ్లీస్. చాలామంది ఈ వరుసను తిరగేసి, ముందు మందపాటిది కొని చేతులు కాల్చుకుంటారు. చేతులు లేని జాకెట్ దొరికితే అదీ మంచి బేరమే. ఛాతీకి గాలి తగలదు, చంకలకు ఊపిరి ఆడుతుంది, బ్యాగులో సగం చోటు మిగులుతుంది.

ఏది కొనాలో ఇంకా తేలకపోతే ఓ రోజు పొద్దున్నే మీ గల్లీలో పేపర్ వేసే కుర్రాణ్ని, పాలప్యాకెట్లు పంచే అన్నను గమనించండి. పల్చటి విండ్ చీటర్, నెత్తికి టోపీ, మెడకు మఫ్లర్. బొద్దు జాకెట్‌లో కనబడటం అరుదు. రోజూ చలిలో పెడల్ తొక్కేవారికి తెలిసిన పాఠం అది.

వెచ్చగా ఉంటే చాలదు... కనబడాలి

జనవరిలో సూర్యోదయం 6.45 దాటాకే. డిసెంబరు సాయంత్రాల్లో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అంటే వెళ్లేటప్పుడు మసక, వచ్చేటప్పుడు చీకటి. మెట్రో పిల్లర్ల పక్కన, బస్సుల వెనక సైకిల్‌పై వెళ్లేవాడు నల్ల జాకెట్‌లో ఉంటే డ్రైవర్‌కు కనబడేది ఆఖరి క్షణంలోనే. నలుపు స్టయిల్‌గా ఉంటుంది, నిజమే. కానీ పసుపు, నారింజ, చిలకాకుపచ్చ రంగులు మసక వెలుతురులో దూరం నుంచే తెలుస్తాయి.

మరో చిన్న సంగతి. జాకెట్ వీపు మీద మెరిసే పట్టీ ఉందని సంబరపడతాం. దాన్ని మన బ్యాగు కప్పేస్తుంది! అందుకే రేడియం స్టిక్కర్ ముక్కలు నాలుగు కొని బ్యాగు వెనక, హెల్మెట్ మీద, జాకెట్ చేతుల మీద అంటించండి. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు ఉండాల్సిందే. ఆస్తమా ఉన్నవాళ్లు ముక్కుకూ నోటికీ పల్చటి గుడ్డ కట్టుకోండి, చల్లగాలి నేరుగా లోపలికి పోదు. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ జాకెట్ జేబులోనే పెట్టుకోండి.

ఇంటర్వ్యూ రోజున...

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని సైకిల్ ఎక్కకండి. జెర్సీ, విండ్ చీటర్‌తో బయల్దేరండి. చొక్కాను మడతలు పడకుండా గుండ్రంగా చుట్టి శుభ్రమైన కవర్‌లో పెట్టండి. సర్టిఫికెట్ల ఫైలుకు వేరే ప్లాస్టిక్ కవర్. చేతి తువ్వాలు ఒకటి. ఇరవై నిమిషాల ముందే చేరేలా చూసుకోండి. ఆఖరి కిలోమీటరు జిప్ తీసి నెమ్మదిగా తొక్కండి, చెమట దారిలోనే ఆరిపోతుంది. దిగిన వెంటనే చొక్కా మార్చుకోకండి. ఐదు నిమిషాలు నీడన నిలబడి ఊపిరి తీసుకుని, మొహం కడుక్కుని అప్పుడు మార్చుకోండి. జాకెట్ చుట్టి బ్యాగులో పెట్టేయండి. లోపలికి దాన్ని చేత్తో పట్టుకుని వెళ్లొద్దు.

‘ఎలా వచ్చారు?’ అని అడిగితే దాచుకోకండి. ‘లక్డీకాపూల్ నుంచి సైకిల్ మీద వచ్చానండీ’ అని మామూలుగా చెప్పండి. చలిలో, ట్రాఫిక్‌లో అరగంట తొక్కుకుంటూ వచ్చి టైముకు ముందే పొడి చొక్కాతో కూర్చున్న మనిషి ఎదురుగా కనబడుతుంటే, క్రమశిక్షణ గురించి మీరు వేరే చెప్పుకోనక్కర్లేదు.

ఇవాళ సాయంత్రం క్లాసయ్యాక జాకెట్ కోసం అమీర్‌పేట ఫుట్‌పాత్ వైపు వెళ్తున్నారా? ముందు ట్రంకు పెట్టెలో ఆ జెర్సీ ఉందో లేదో చూసుకోండి. తర్వాత షాపువాణ్ని ‘అన్నా, మందంది కాదు, పల్చటిది చూపించు’ అని అడగండి. ఆయన ఆశ్చర్యంగా చూస్తాడు, పర్లేదు. ముందు ఊది చూడండి, తర్వాత వంగి చూడండి. ఆ రెండూ నెగ్గాకే ధర అడగండి.